రెండో బుధవారం సెలవు

ఆవిడ పోయిన సంగతి నాకు ఏడు నెలలు ఆలస్యంగా తెలిసింది. అది కూడా ఎవరో చెప్పాలని చెప్పిన మాట కాదు. పక్కన కూర్చున్న అమ్మాయి నోటి నుంచి వేరే మాటల మధ్య దొర్లింది.

విజయనగరంలో ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. విషయం, ఒత్తిడి లేకుండా బోధించడం. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. యాభై దాటినవాళ్ళను కూడా పిల్లల బెంచీల మీదే కూర్చోబెట్టారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన యువకుడు తెర మీద పచ్చటి కొండల బొమ్మ చూపిస్తూ ఊపిరి లోపలికి పీల్చమన్నాడు, మెల్లగా వదలమన్నాడు. మేం పీల్చి వదులుతుండగా ముందు వరుసలో ఇద్దరు హెడ్మాస్టర్లు బల్ల కింద ఫోన్లు పెట్టుకుని, సోమవారానికి పంపాల్సిన వివరాలేవో ఆప్‌లో ఎక్కిస్తున్నారు. "మీకంటూ కొంత సమయం ఉంచుకోండి" అని తెర మీద అక్షరాలు వచ్చాయి. అది ఆదివారం పదకొండు గంటలకు.

నా పక్కన సాలూరు వైపు నుంచి వచ్చిన టీచరు కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెర వైపు చూస్తూనే నాతో మెల్లగా అంది.

"ఇదంతా మా లెక్కల మేడం ఒక్క ముక్కలో సెప్పీవారండి. రేపు కూడా బడుంటాది, ఇయ్యాలే అయిపోకండి అనీవారు."

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. అయినా ఆవిడ ఏ ఊరి మనిషి, ఎలా ఉండేది అని అడిగి రూఢి చేసుకున్నాను. ఆవిడే.

"ఇప్పుడెక్కడ ఉంటున్నారు?" అన్నాను.

"అయ్యో, మీకు తెలీదేటండి? పోనారు కదా. ఏడు నెలలైపోనాది."

ఎలా పోయారని అడిగితే గుండె అంది. మళ్ళీ, కాదేమో, షుగరేమో అంది. ఆ అమ్మాయికి తెలియదు. నాకూ ఇప్పటికీ తెలియదు. కనుక్కోవడం పెద్ద పనేమీ కాదు, బొబ్బిలిలో ఆవిడ వాళ్ళకు ఒక్క ఫోను చేస్తే చాలు. చెయ్యలేదు.

పోయిన మనిషి గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి దానంతట అదే మెత్తబడుతుంది. ఆ మెత్తదనం మీద నాకు నమ్మకం లేదు. అందుకే ముందే చెబుతున్నాను. ఆవిడ గొప్ప ఉపాధ్యాయురాలని నేను రాయలేను. పదో తరగతిలో ఆవిడ పిల్లలు జిల్లాలో మిగతా పిల్లలు పాసైనట్టే పాసయ్యేవారు, ఫెయిలైనట్టే ఫెయిలయ్యేవారు. పొద్దుటి స్టడీ అవరుకు ఆవిడ వచ్చేది కాదు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఒకటే. ముప్పై ఏళ్ళు చాకిరీ చేయాల్సిన మనిషి, నెలకు ఒక్క రోజు తనకోసం పక్కన పెట్టుకుంది. ఆ ఒక్క రోజునూ నేను పోగొట్టానా, లేక అది ఎలాగూ పోయేదేనా అన్నది తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

బొబ్బిలి నుంచి సాలూరు వెళ్ళే రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక హైస్కూల్లో మేమిద్దరం నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, తెలుగు చెప్పేదాన్ని. ఆవిడకు నలభై అయిదు దాటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి ముఖం. గంట కొట్టకముందు ఎలా నడిచేదో కొట్టాక కూడా అలాగే నడిచేది. క్లాసులోకి వెళ్ళగానే కుర్చీ లాక్కుని కూర్చునేది. టీచర్లు కూర్చుని పాఠం చెప్పకూడదని పైనుంచి కాగితం వచ్చినప్పుడు హెడ్మాస్టరు దాన్ని అందరికీ చదివి వినిపించి ఆవిడ వైపే చూశాడు. ఆవిడ సంతకం పెట్టింది. మర్నాడు కూడా కూర్చుంది. లెక్క పిల్లల చేత బోర్డు మీద చేయించేది. తప్పు చేస్తే, "అక్కడాగు. ఎనక్కి రా" అనేది. అంతే. ఆవిడ గొంతు పక్క గదిలోకి వినపడేది కాదు. పక్క గదిలో నేను అరిచే అరుపులు మాత్రం ఆవిడ క్లాసులోకి వినపడేవని తర్వాత చెప్పింది.

"ఉన్నది ఒకటే గొంతుక. రిటైరయ్యేదాకా దాంతోనే నెట్టుకురావాల," అనేది.

నోటు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళేది కాదు. రోజుకు పదిమందిని పక్కన నిలబెట్టుకుని అక్కడే దిద్దేది. సాయంత్రం గంట కొడితే లెక్క మధ్యలో ఉన్నా సుద్దముక్క కింద పెట్టేసేది. పిల్లలు "పూర్తి సేసేద్దాం మేడం" అంటే, "లెక్క ఎక్కడికీ పారిపోదురా, రేపొచ్చేసరికి ఇక్కడే ఉంటాది" అనేది. నాకది బాధ్యత లేనితనంగా కనిపించేది. నేను ఆ వేళకు సంచీలో నలభై కాంపోజిషన్ పుస్తకాలు సర్దుకుంటూ ఉండేదాన్ని.

ఇంకో అలవాటు చెప్పాలి. బడిలో ఆడ టీచర్లు నీళ్ళు తాగరు. ఇది బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. పొద్దున్న ఇంట్లో తాగిన గ్లాసుతో సాయంత్రం దాకా ఉంటారు. కారణం మరుగుదొడ్డి. ఆవిడ మాత్రం ప్రతి గంటకూ నీళ్ళు తాగేది. మరుగుదొడ్డి తాళం తన దగ్గరే పెట్టుకుంది. స్వీపరు చేత రోజూ దగ్గరుండి కడిగించేది, కడగని రోజున హెడ్మాస్టరు గది ముందు నిలబడి, అందరూ వింటుండగా, కడగలేదని చెప్పేది. ఆ నీళ్ళు తాగడం చూసి స్టాఫ్‌రూంలో మేమేమనుకున్నామంటే, ఈవిడకు షుగరుంది, దాస్తోందని.

మా సోషల్ మాస్టారు మధ్యాహ్నం భోజనమయ్యాక మాత్ర వేసుకుంటూ ఒకరోజు అడిగేశాడు.

"మేడం, నిజం సెప్పండి. మీకు బీపీ లేదా?"

"లేదండి."

"షుగరు?"

"లేదు."

"ఇరవై ఏళ్ళ సర్వీసుకి ఏదో ఒకటి రావాల కదండి. ఏటీ లేదంటే డాక్టరికి సూపించుకోండి!"

అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది. ఆ రోజు ఆవిడ నవ్వులో ఏదో దాచినట్టు నాకనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఏమీ కనపడదు.

అసలు సంగతి సెలవుచీటీ. ప్రతి నెలా రెండో బుధవారం ఆవిడ సెలవు పెట్టేది. చీటీ ముందురోజే ఇచ్చేది. కారణం దగ్గర "విశ్రాంతి కోసం" అని రాసేది. నేను ఆ బడిలో చేరిన రెండో నెలలో హెడ్మాస్టరు ఆ చీటీ పట్టుకుని స్టాఫ్‌రూంలోకి వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, మంచివాడే, కాగితాలంటే భయం.

"మేడం గారూ, ఎన్నిసార్లు సెప్పానండి మీకు? విశ్రాంతి కోసం అని రాస్తారా ఎవులైనా? జొరమని రాయండి."

"జొరం లేదు కదండి."

"పోనీ సొంత పని అని రాయండి."

"సొంత పని కూడా లేదండి. ఏ పనీ సెయ్యకుండా ఉండడానికే ఈ సెలవు."

"రేపు తనిఖీకొచ్చినోళ్ళు సూస్తే నన్నడుగుతారండి!"

"నన్నడగమనండి."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ సీసా తెరిచి నీళ్ళు తాగింది.

సెలవుచీటీల్లో ఏం రాస్తామో ఉపాధ్యాయులకు చెప్పక్కర్లేదు. జ్వరం, విరేచనాలు, దగ్గరి బంధువు మరణం. మా సోషల్ మాస్టారి అమ్మమ్మ రెండేళ్ళలో మూడుసార్లు చనిపోయింది. మూడోసారి ఎవరూ పలకరించలేదని ఆయన నొచ్చుకున్నాడు కూడా. చీటీలో రాసింది నిజం కాదని రాసేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు. అది తప్పని ఎవరూ అనుకోరు. అలాంటి చోట ఆవిడ చీటీ చూసి మేం ఏమనుకున్నామంటే, జ్వరమని రాసినవాళ్ళకే జ్వరం లేనప్పుడు, విశ్రాంతి అని రాసిన మనిషి ఇంకేదో చేస్తూ ఉండాలి. ఊహలు చాలా నడిచాయి. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోందని ఒకరు. విశాఖపట్నంలో ఏదో వైద్యం చేయించుకుంటోందని ఒకరు. భర్త నెల్లిమర్ల జూట్ మిల్లులో పని, ఆదివారాలే వస్తాడు, పిల్ల హాస్టల్లో ఉంది, కాబట్టి బుధవారం ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే అని ఇంకెవరో అన్నారు. ఆ మాట అన్నది నేను కాదు. కానీ ఎక్కువకాలం గుర్తుపెట్టుకున్నది నేనే.

నాలుగో ఏడు నేను డస్టరు విసిరాను. తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం ఆఖరి గంట. ఆ రోజు పొద్దున స్టడీ అవరుతో మొదలుపెట్టాను. ఇద్దరు టీచర్లు రాలేదని నాకున్న ఒక్క ఖాళీ గంటలో కూడా వేరే క్లాసుకు పంపారు. గొంతు మూడు వారాలుగా బొంగురు. మూడో బెంచీలో ఒక పిల్ల నవ్వింది. దేనికి నవ్విందో ఇప్పటికీ తెలియదు. నా గురించే అనుకున్నాను. చేతిలో ఉన్న చెక్క డస్టరు విసిరేశాను. కనుబొమ్మ మీద తగిలింది. రక్తం వచ్చింది. ఆ పిల్ల చేత్తో నుదురు పట్టుకుని, లేచి నిలబడి, "సారీ మేడం" అంది.

పక్క గదిలోంచి ఆవిడ వచ్చింది. అప్పుడు కూడా పరుగెత్తలేదు. పిల్ల ముఖం కడిగి, గుడ్డ అదిమి పట్టించి, అటెండరుతో ఆస్పత్రికి పంపింది. క్లాసును ఇంటికి పంపింది. తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ళైందే నువ్వు పడుకుని?"

"రోజూ పడుకుంటున్నానండి."

"నిద్ర కాదే. ఊరికే, ఏటీ సెయ్యకుండా పడుకుని ఎన్నాళ్ళైంది?"

నేను ఏడుస్తున్నాను.

"ఆ పిల్ల కన్ను పోయుంటే, ఈ మేడం ఎంత కష్టపడి పనిసేసీదో అని ఎవులైనా అనుకుంటారేటి? కన్ను తీసేసింది అంటారు. ఎల్లుండి సెలవెట్టు. బట్టలుతక్కు, ఇల్లు దులపకు. పుస్తకం కూడా ముట్టకు. నీకు సదవడమొక రోగం."

నా జీవితంలో నాకు అంత అవసరమైన మాట ఇంకెవరూ చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు తెలిస్తే బాగుండేది. ఇంటికెళ్ళి నేను ఆలోచించింది ఇది: ఈవిడ నన్నెందుకు సెలవు పెట్టమంటోంది? ఇంకొకరు కూడా అలా సెలవు పెడితే తన మీద మాట పడదని. తన సోమరితనానికి తోడు కావాలని. అలా అనుకున్నాక నాకు కొంత తేలికైంది. డస్టరు సంగతి వెనక్కి పోయి ఆవిడ సంగతి ముందుకు వచ్చింది.

ఆవిడ చెప్పిన సెలవు పెట్టలేదు. తర్వాతి నెల రెండో బుధవారం పెట్టాను. చీటీలో మా పిన్నికి ఒంట్లో బాగులేదని రాసి, బస్సెక్కి బొబ్బిలి వెళ్ళాను.

ఆవిడ ఇంటికి ఎదురుగా చిన్న టైలరు కొట్టు ఉంది. రెండు జాకెట్టు గుడ్డలు తీసుకెళ్ళి, ఇప్పుడే కుట్టివ్వాలని బతిమాలి, అక్కడ బల్ల మీద కూర్చున్నాను. దాదాపు మూడు గంటలు. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక్కొక్కటే ఒలుచుకుని తింది. రోడ్డు మీద వెళ్ళే లారీలు చూసింది. కాసేపు కునికింది. లేచి జడ విప్పి, దువ్వుకుని, మళ్ళీ వేసుకోకుండా అలాగే వదిలేసింది. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత అబద్ధం రాసి, చూడ్డానికి ఇదేనా అనిపించింది. ఒక మనిషి అంతసేపు ఊరికే కూర్చోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. మా అమ్మ అలా కూర్చోగా చూడలేదు. నేను అలా కూర్చోలేదు. అందుకే అది నటన అనుకున్నాను.

పన్నెండు ప్రాంతంలో స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. ఆవిడ లేచి అతనితో లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరగా పడింది. పది నిమిషాల తర్వాత ఆయన బయటికి వచ్చి స్కూటరు తీశాడు. చేతిలో సంచి లేదు. ఆవిడ మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను చూసింది ఇంతే. జాకెట్లు తీసుకుని వచ్చేశాను.

రెండు నెలల తర్వాత పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. లెక్కల టీచరు బుధవారాలు బడికి రాకుండా సొంత వ్యవహారాలు చూసుకుంటోందని. ఆ ఉత్తరం రాసింది నేను కాదు. ఎవరు రాశారో తెలియదు. సోషల్ మాస్టారని నా అనుమానం, ఆధారం లేదు. ఆయనకు నా మీదే అనుమానం ఉండేదని తర్వాత తెలిసింది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే పిలిచి, తెల్ల కాగితం ఇచ్చి, ఆవిడ సెలవుల గురించి తెలిసింది రాయమన్నాడు. నాకు ముందు వెళ్ళిన ముగ్గురూ "తెలియదు" అని రాసి వచ్చామన్నారు. నేను కూడా అదే రాద్దామని వెళ్ళాను. కాగితం ముందు పెట్టుకున్నాక, నాకు తెలుసు కదా అనిపించింది. మా బడి మొత్తంలో కళ్ళతో చూసిన మనిషిని నేనొక్కదాన్నే. అంత కష్టపడి చూసినదాన్ని తెలియదని ఎలా రాస్తాను? చదువుకున్న తెలుగు పైకి వచ్చింది. "బుధవారములందు ఆమె గృహమునకు ఒక పురుషుడు తరచు విచ్చేయుచుండును" అని రాశాను. ఒక్కరోజు చూసింది ప్రతి నెలా జరిగేదైపోయింది. సంతకం పెట్టాను. అప్పటి నుంచి నాకు బరువైన వాక్యాలంటే పడదు.

ఆఖరున ఆవిడను పిలిచారు. అరగంట లోపలుంది. బయటికి వచ్చి సీసా తీసుకుని నీళ్ళు తాగి, గంట కొట్టగానే ఎనిమిదో తరగతికి వెళ్ళింది. సంజాయిషీ అడుగుతూ ఆవిడకు మెమో ఇచ్చారు. జవాబు ఒకే వాక్యం రాసిందని హెడ్మాస్టరు తల పట్టుకుని చెప్పాడు. "సెలవు రోజున విశ్రాంతి తీసుకున్నాను." వేసవి సెలవుల తర్వాత ఆవిడను సాలూరు దాటి కొండల్లో ఉన్న ఒక బడికి మార్చారు. కాగితంలో పరిపాలనా కారణాలు అని ఉంది.

వెళ్ళే రోజు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి మరుగుదొడ్డి తాళం నా ముందు పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. కడగకపోతే అడుగు, సిగ్గుపడకు. నీళ్ళు తాగు."

నేను రాసిన సంగతి ఆవిడకు తెలిసి అలా అందా, తెలియక అందా? ప్రేమతో ఇచ్చిందా, ఎత్తిపొడిచిందా? చాలా ఏళ్ళు అదే ఆలోచించాను. కొన్నాళ్ళు నీళ్ళు తాగాను. తర్వాత తాళం కొత్త టీచరుకు ఇచ్చేశాను.

ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ చూశాను. పదో తరగతి పేపర్లు దిద్దడానికి జిల్లా నలుమూలల నుంచి టీచర్లను విజయనగరంలో ఒక పెద్ద బడికి పిలుస్తారు. స్పాట్ వాల్యుయేషన్ అంటాం. ఏప్రిల్ ఎండ. మధ్యాహ్నం భోజనం వేళ కారియరు పట్టుకుని నీడ కోసం వెతుక్కుంటుంటే వెనక మెట్ల మీద ఆవిడ కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ముఖంలో వెడల్పు పోయింది.

"ఏమే, బాగున్నావా?" అంది, నిన్న చూసినట్టు.

"బాగున్నానండి."

"గొంతుక?"

"పర్లేదండి."

"కూకో, తిను."

తినడం మొదలుపెట్టాం. ఆవిడ సంచీలోంచి చిన్న డబ్బా తీసి రెండు మాత్రలు అరచేతిలో వేసుకుంది. నేను చూస్తూ ఉండిపోయాను.

"మీరు కూడానా?"

"ఏం, నాకు రాకూడదేటి? మా ఇంటి గడప తెలీదా బీపీకి?" అని నవ్వి మింగింది.

అప్పుడిక ఆగలేకపోయాను. "మేడం, ఆ రోజు ఎంక్వయిరీలో నేను..." అన్నాను.

"రాసినావు. తెలుసు. ఆ ఆపీసరు నాకు సదివి ఇనిపించినాడు కదా. పేరు సెప్పలేదు గానీ, విచ్చేయుచుండును అని రాసీది మన బళ్ళో నువ్వు కాక ఇంకెవులు?"

నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

"ఆ వచ్చినోడు మిక్సీ బాగుసేసీవోడే. సంచిలో ఉన్నది మిక్సీ జారు. బిగించి, తిప్పి సూపించి ఎళ్ళినాడు." వేళ్ళు నాకి, కారియరు మూత పెడుతూ అంది. "నువ్వు టైలరు కొట్లో కూకున్నావు, నాను సూసాను. పిలుద్దామా అనుకున్నాను. మళ్ళీ లెగాల, టీ పెట్టాల... ఊరుకున్నాను. సెలవు కదా."

నేను ముద్ద కారియరులో పెట్టేశాను.

"అక్కడికెళ్ళినాక నేనూ జొరమనే రాసినానే. ఒకసారి ఎంక్వయిరీ పడినోళ్ళకి విశ్రాంతని రాసే దమ్ముండదు. జొరమని రాసి ఇంట్లో కూకుంటే, ఎవులైనా వచ్చి సూస్తారేమోనని భయం. వరండాలో కూకోకూడదు కదా, జొరమున్న మనిషి. తలుపేసుకుని మంచం మీద పడుకునీదాన్ని. రోడ్డు మీద స్కూటరు సప్పుడైతే దుప్పటి కప్పుకునీదాన్ని. దాన్ని రెస్టంటారేటి? మూణ్ణెల్లు సేసి మానేసినాను. అదేదో బళ్ళో కూకుంటేనే నయమనిపించింది. బుధవారాలు కూడా ఎళ్ళిపోయాను."

"నన్ను క్షమించండి," అన్నాను.

"సరేలే. అన్నం తిను, సల్లారిపోతంది."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అంతా బయటపడింది. ఆవిడ కోప్పడలేదు. అన్నం తినమంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు నా నోటి నుంచి ఈ మాట వచ్చింది. అడగాలని అనుకోలేదు.

"ఒక్క మాట, మేడం. ఆ బుధవారాలు నిజంగా ఏం చేసేవారు?"

సంచీ సర్దుకుంటున్న చెయ్యి ఆగింది. నా వైపు తిరిగింది.

"ఒసే," అంది. "ఇంకా నమ్మలేదేటి నువ్వు?"

"నమ్మానండి," అన్నాను.

ఆవిడ కొంచెంసేపు నా ముఖంలోకి చూసింది. తల ఊపలేదు. మధ్యాహ్నం పేపర్ల కట్టలు పంచే వేళైందని లోపలి నుంచి ఎవరో కేక వేశారు. ఆవిడ మెట్టు పట్టుకుని లేచి, లెక్కల గది వైపు వెళ్ళిపోయింది.

వాల్యుయేషన్ ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ ఆవిడ వెనక మెట్ల నీడ వదిలేసి, గేటు పక్కన, ఎండలో ఉన్న మెట్ల మీద కూర్చుని ఒక్కతే భోజనం చేసింది.